ఎవరికీ ఇవ్వని బంతి

రిటైరైన నాటినుంచి పొద్దున్నే ప్రొద్దుటూరులో కాలేజీ మైదానం చుట్టూ నాలుగు చుట్లు నడవడం నాకు అలవాటు. డాక్టరు నడవమన్నాడని అడిగినవాళ్ళకు చెబుతాను గాని అసలు సంగతి వేరు. ఇంట్లో నన్ను పలకరించే మనిషి లేదు, అక్కడైతే ముఖపరిచయం ఉన్న నలుగురైనా ఎదురొచ్చి తల ఊపుతారు, ఆ తల ఊపుడుతో నాకు సాయంత్రం దాకా గడిచిపోతుంది. మొన్న ఒక ఉదయం మూడో చుట్టులోనే మోకాళ్ళు మొరాయించడంతో బాస్కెట్‌బాల్ కోర్టు పక్కన సిమెంటు మెట్టు మీద కూలబడ్డాను. కాలేజీ ఆడపిల్లలు ఆడుకుంటున్నారు. బంతిని నేలకు కొట్టుకుంటూ మధ్యగీత దాటించి తెచ్చే అమ్మాయి, ఆటలో ఆ మనిషిని గార్డు అంటారు, అటొకరు ఇటొకరు చేతులు చాచి అడుగుతున్నా ఇవ్వకుండా తానే దూరంనుంచి బుట్టకు విసిరింది. బంతి రింగుకు తగిలి పక్కకు పోయింది. ఇక చూడాలి ఆ పిల్ల పడిన మాటలు. "మేము ఈడ నిలబడింది నీ కంటికి కనపడల్యా" అని ఒకతె, "బంతిని ఇంటికే ఎత్తుకపో మే, మూట కట్టిస్తాం" అని ఇంకొకతె. ఆ పిల్ల ముఖం తుడుచుకుని మళ్ళీ పరుగెత్తింది.

ముప్పై ఏళ్ళు హాస్టలు వార్డెనుగా ఆడపిల్లలను అదిలించి అదిలించి బొంగురుపోయిన గొంతు నాది. లేచి వెళ్ళి ఆ మాటలన్న పిల్లలను నాలుగు దులిపేద్దామనిపించింది, అంతలోనే వెనక్కి తగ్గాను. వాళ్ళకు బుద్ధి చెప్పాలంటే నా కథ మొదటినుంచి చెప్పాలి. వినే ఓపిక వాళ్ళకు ఉండదు, చెప్పే ధైర్యం ఇన్నేళ్ళుగా నాకూ రాలేదు. అందుకే ఇంటికొచ్చి, ఒక్కదానికే కాబట్టి అరగ్లాసు కాఫీ కలుపుకుని, ఇదిగో ఇలా కాగితాలు ముందేసుకున్నాను. నా ఈడు వాళ్ళకైతే, ఆ రోజుల్లో మా పక్క ఊళ్ళు ఎలా ఉండేవో తెలిసినవాళ్ళకైతే, సగం చెబితే మిగతా సగం అర్థమవుతుందని నా నమ్మకం.

ఆ కాలేజీలో నేనూ గార్డునే. ఇప్పటి నన్ను చూసి ఎవరూ నమ్మరు గాని, గొర్రెల వెంట గుట్టలెక్కి దిగిన కాళ్ళు నావి, మనిషిని పొట్టిగా ఉన్నా పరుగులో నన్ను పట్టుకునేవాళ్ళు లేరు. గార్డు పని మీలో చాలామందికి తెలిసి ఉండదు. బంతిని ఎదుటివాళ్ళు లాక్కోకుండా తీసుకురావాలి, ఎవరు ఖాళీగా ఉన్నారో చూసి వాళ్ళకు అందించాలి. అందిస్తే ఆ పేరు బుట్టలో వేసినవాళ్ళకు పోతుంది. అందించకుండా తానే వేసి, అది పడకపోతే, ఊరంతా గార్డునే తిడుతుంది. పడితే కూడా, పక్కనున్న మనిషికి ఇచ్చి ఉంటే ఇంకా సులువుగా పడేది కదా అని సన్నాయినొక్కులు నొక్కుతుంది. ఎందుకు ఇవ్వలేదని తిట్టేవాళ్ళేగాని, ఇవ్వలేకపోయిందేమో, కనుక్కుందామని అనుకునేవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు. నా సంగతిలోనైతే ఒక్కరు కూడా అడగలేదు.

మా ఊరు జమ్మలమడుగుకు అవతల, నల్లరేగడి చేల మధ్య ఉంటుంది. పైవీధి, కిందివీధి అని రెండు వీధులు. పైవీధి పెద్ద రైతులది ఒక పార్టీ, కిందివీధి పెద్ద రైతులది ఇంకో పార్టీ. పార్టీ అంటే ఓటు వేసే పార్టీ ఒక్కటే అనుకునేరు; ఎవరి బావిలో నీళ్ళు తోడుకోవాలి, ఎవరి అంగట్లో ఉప్పు కొనాలి, ఎవరి శవం వెంట నడవాలి, అన్నీ పార్టీ ప్రకారమే జరిగేవి. నాకు ఊహ తెలియకముందే ఆ రెండు ఇళ్ళ మధ్య ప్రాణాలు పోయాయట, అప్పటినుంచి ఇచ్చిపుచ్చుకోవడాలు ఆగిపోయాయి. ఆగిపోయాయంటే మాటవరసకు కాదు, ఒక వీధి చేతిలోని వస్తువు ఇంకో వీధి చేతిలోకి నేరుగా పోకూడదు. జాతరకు చందా పోగుచెయ్యాలన్నా, వంకలో నీళ్ళ వంతు సంగతి చెప్పాలన్నా, మధ్యలో మూడో మనిషి ఉండాలి. ఆ మూడో మనుషులం మేము, గొర్రెలు కాచుకునేవాళ్ళం, రెండు వీధులకూ కాకుండా ఊరి చివర ఉండేవాళ్ళం.

మాకు సొంత భూమి లేదు. పంట కోసేశాక ఖాళీ చేలల్లో మా నాయన గొర్రెల మందను నిలిపేవాడు. గొర్రెల ఎరువుతో చేనుకు బలం వస్తుంది, దానికి బదులుగా రైతు మాకు జొన్నలు ఇచ్చేవాడు, గొర్రెలకు తన బావి నీళ్ళు తాగనిచ్చేవాడు. కొన్నాళ్ళు పైవీధి చేలు, కొన్నాళ్ళు కిందివీధి చేలు. రెండూ ఉంటేనే వేసవి గట్టెక్కేది. ఒక వీధి వద్దంటే మేత సగమైపోవడం ఒక్కటే కాదు, మా నాయన రెండో వీధి మనిషని పేరు పడుతుంది, అలా పేరు పడిన మనిషికి ఆ ఏళ్ళలో చేలగట్ల మీద ఒంటరిగా తిరిగే ధైర్యం ఉండేది కాదు. మా నాయన తెల్లారింది మొదలు ఒంటరిగా తిరిగే మనిషి.

ఇక ఆటలోకి వస్తాను. నేను ప్రొద్దుటూరులో చదువుకు చేరిన ఏడే మా ఊరి రెండు పెద్ద ఇళ్ళనుంచీ ఇద్దరమ్మాయిలు అదే కాలేజీలో చేరారు. ఊళ్ళో భయం ఎక్కువై ఆడపిల్లలను పట్నానికి పంపేసిన కాలం అది. పైవీధి అమ్మాయి వాళ్ళ మేనత్త ఇంట్లో ఉండేది, కిందివీధి అమ్మాయి నాతోపాటు హాస్టల్లో ఉండేది గాని ఆమె గది వేరు, ఆమె పెట్టె వేరు, ఇంటినుంచి వచ్చే నెయ్యి, సజ్జ లడ్లు వేరు. ఇద్దరూ పొడగరులు. ఇద్దరూ బాస్కెట్‌బాల్ జట్టుకు ఎంపికయ్యారు, వాళ్ళతోపాటు నేను. పైవీధి అమ్మాయి బుట్టకు కుడివైపు, కిందివీధి అమ్మాయి ఎడమవైపు ఆడేవాళ్ళు. ఇద్దరికీ మాటల్లేవు. ఒకరు నీళ్ళు తాగిన చెంబు ఇంకొకరు ముట్టేవాళ్ళు కాదు, ఇక బంతి మాత్రం ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి ఎలా పోతుంది? కుడినుంచి ఎడమకు పోవలసిన బంతి నా దగ్గరకు రావాలి, నేను ఎడమకు ఇవ్వాలి. ఊళ్ళో మా నాయన చేసే పనే కోర్టులో నాకు వచ్చి పడిందని అప్పట్లో నాకు నవ్వు కూడా వచ్చేది.

మా డ్రిల్లు టీచరమ్మ గుంటూరు వైపునుంచి వచ్చిన మనిషి. ఈ పార్టీల గొడవ ఆమెకు తెలియదు, మేము చెప్పలేదు. మా భాష వింటేనే ఆమెకు కొట్లాడుకుంటున్నట్టు ఉండేదట, నిజంగా కొట్లాడుకునేవాళ్ళం ఎంత మర్యాదగా ఉంటామో పాపం ఆమెకేం తెలుసు. ఆట మాత్రం బాగా నేర్పింది. రెండేళ్ళు బాగా ఆడితే జిల్లా జట్టుకు పంపుతాననీ, జిల్లాకు ఆడితే డ్రిల్లు టీచరు ట్రైనింగులో సీటు వస్తుందనీ ఆమె నాకు చెప్పింది. ఈల మెడలో వేసుకుని, తెల్ల బూట్లు తొడుక్కుని, పిల్లలచేత పరుగులు పెట్టించే టీచరమ్మను కావాలని నేను ఎంత కోరుకున్నానో చెప్పలేను. అంతకుముందుగాని ఆ తరువాతగాని నేను దేన్నీ అంతగా కోరుకోలేదు.

మొదటి పెద్ద పందెం జమ్మలమడుగులో జరిగింది. మా ఊరికి దగ్గర కాబట్టి రెండు వీధుల మగవాళ్ళూ చూడటానికి వచ్చారు, కోర్టుకు అటు పైవీధి, ఇటు కిందివీధి. వాళ్ళలో ఎవరికీ ఆట తెలియదు. తెలియకపోయినా వాళ్ళకు తెలిసిన లెక్క ఒకటి ఉంది, ఎవరి చెయ్యి ఎవరికి ఇస్తోంది అని చూడటం. నాది కుడిచేతి వాటం, పరుగులో ఉన్నప్పుడు బంతి కుడివైపే సులువుగా పోతుంది, కుడివైపు పైవీధి అమ్మాయి ఉంది. ఆ రోజు మేము గెలిచాం. టీచరమ్మ అందరికీ సోడాలు ఇప్పించింది, నేను రెండు తాగాను.

ఆ తరువాతి ఆదివారం మా నాయన హాస్టలుకు వచ్చాడు. గేటు బయట వేపచెట్టు కింద గొంగడి పరిచి కూర్చుని, మూటలోంచి జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరిమిండి అనే పచ్చడి తీసి నా ముందు పెట్టి, నేను తినేదాకా చూశాడు. తిన్నాక చెప్పాడు.

"పాపా, నువ్వాడే ఆటేందో నాకు తెల్దు. నువ్వు బంతి పైవీధి పాపకే ఇస్తాండావంట. కిందివీధోళ్ళు ఈ ఏడు మంద వాళ్ళ చేలల్లో వద్దంటాండారు. పైవీధోళ్ళ చేలల్లోనే పెట్టుకోపో, నీ బిడ్డ ఆ పక్కనే ఉందిగదా అన్నె కిందివీధి పాప పెదనాయన."

కుడిచేతి వాటం సంగతి నేను ఎంతో చెప్పాను, లేచి చేతులు ఊపి చూపించాను కూడా. ఆయన ఓపికగా అంతా విని, ఆఖరుకు, "నువ్వు చెప్పేది నిజమే. అయితే ఆ నిజం నేను ఆడ పోయి చెప్తే ఇంటారా?" అన్నాడు. తరువాత బతిమాలుతున్నట్టు, "ఇద్దరికీ సమంగా ఇయ్యగూడదా పాపా" అన్నాడు. మా నాయన నన్ను అడిగిన కోరిక అదొక్కటే, నాకు తెలిసి.

సమంగా ఇచ్చి చూశాను. కుడికొకటి, ఎడమకొకటి, మనసులో లెక్క పెట్టుకుంటూ. ఆటలో లెక్క కుదురుతుందా? ఎడమ వంతు వచ్చినప్పుడు ఎడమవైపు అమ్మాయి చుట్టూ ముగ్గురు ఉంటారు, కుడివైపు అమ్మాయి ఖాళీగా ఉంటుంది. అయినా ఎడమకే ఇచ్చేదాన్ని, ఎదుటివాళ్ళు బంతి ఎత్తుకుపోయేవాళ్ళు. "ఏమ్మా, నీకు కళ్ళు కనపడట్లేదా? ఖాళీగా ఉన్న పిల్లని వదిలేసి గుంపులో పడేస్తావేంటి?" అని టీచరమ్మ మొత్తుకునేది. పదిహేను రోజులు తిరక్కుండానే పైవీధినుంచి కూడా మాట వచ్చింది, కిందివీధి వాళ్ళకు భయపడి మా పాపకు బంతి తగ్గించినారంట, ఏంది కథ అని. ఆ కబురు విన్నాక నాకు ఒకటే దారి కనపడింది. కుడికి ఇస్తే తప్పు, ఎడమకు ఇస్తే తప్పు, బుట్టకు మాత్రం పార్టీ లేదు. అప్పటినుంచి ఎవరికీ ఇవ్వకుండా నేనే వెయ్యడం మొదలుపెట్టాను.

వెయ్యాలంటే గురి ఉండాలి కదా. తెల్లారకముందే లేచి కోర్టుకు పోయి, అందరూ వచ్చేలోపల చేతులు వాచేదాకా ఒక్కదాన్నే దూరంనుంచి వేసేదాన్ని. బంతి తెచ్చి ఇచ్చేవాళ్ళు లేరు, వేసింది నేనే, పరుగెత్తి తెచ్చుకున్నది నేనే. గురి కుదిరింది. అప్పుడప్పుడూ నేను వేసిన బంతులతోనే జట్టు గెలిచేది కూడా. అయినా గెలిచిన రోజు సైతం నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. జట్టులోని పట్నం పిల్లలు నాకు ఒంటెద్దు అని పేరు పెట్టారు. టీచరమ్మ ఒకరోజు అందరి ముందూ నిలబెట్టి, "ఈ బంతి మీ నాన్నగారు కొనిచ్చారా?" అని అడిగింది. మా నాయన పేరు ఎత్తగానే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆమె అది సిగ్గు అనుకుని ఇక నేను మారుతానని సంతోషపడింది.

ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. చెబితే టీచరమ్మ ఆ ఇద్దరినీ పిలిచి అడుగుతుంది, వాళ్ళు ఇంట్లో చెబుతారు, ఆ మాట మా నాయన నెత్తిన పడుతుంది. పదిహేడేళ్ళ పిల్లకు అంతకంటే ఆలోచన తోచలేదు. ఆ ఇద్దరి ముఖాల్లోకి చూడటం కూడా మానేశాను, చూస్తే చేతులు చాచి అడుగుతారని భయం. హాస్టల్లో ఇంతమంది పిల్లల మధ్య నేను నెలల తరబడి ఎవరితోనూ మనసువిప్పి మాట్లాడకుండా గడిపాను. ఆ అలవాటు తరువాత కూడా పోలేదు.

రెండో ఏడు కాలేజీల పందేల ఆఖరి ఆట పులివెందులలో పెట్టారు. ప్రొద్దుటూరునుంచి మేము బస్సులో పోయాం, ఎర్రగుంట్ల దాటి వేంపల్లెలో ఆగి ఇడ్లీలు తిన్నాం, నా బెంచీలో నేను ఒక్కదాన్నే. అక్కడికి చేరేసరికి మా ఊరి జీపులు రెండూ ముందే వచ్చి ఉన్నాయి. కోర్టుకు అటు వాళ్ళు, ఇటు వీళ్ళు, అందరివీ తెల్ల బట్టలే, మధ్యలో లాఠీలతో ఇద్దరు పోలీసులు. మా నాయన కూడా వచ్చాడు, మందను పక్క ఊరి బంధువుకు అప్పగించి. ఎప్పుడూ నా ఆట చూడని మనిషి ఆ రోజు ఎందుకు వచ్చాడో నాకు తెలుసు. ఎక్కడ నిలబడాలో తెలియక, అటు పోతే వాళ్ళ మనిషి, ఇటు పోతే వీళ్ళ మనిషి అవుతానని, బుట్ట స్తంభం వెనక, గోడవారన, భుజం మీద గొంగడితో ఒక్కడే నిలబడ్డాడు. బుట్టకు గురి చూసిన ప్రతిసారీ నాకు బోర్డు కింద మా నాయన కనపడేవాడు.

ఆట పోటాపోటీగా సాగింది. ఆఖరు నిమిషం వచ్చేసరికి మేము ఒక్క పాయింటు వెనక ఉన్నాం, బంతి నా చేతిలో ఉంది. నేను మధ్యగీత దాటేసరికి ఎదుటివాళ్ళలో ఇద్దరు నా మీదికి వచ్చారు, నేనే వేస్తానని వాళ్ళకూ తెలుసు. కిందివీధి అమ్మాయి బుట్ట కింద పూర్తిగా ఖాళీగా ఉంది, పైవీధి అమ్మాయి కూడా కుడివైపు ఖాళీగానే ఉంది. ఇద్దరూ చేతులు చాచారు. కిందివీధి అమ్మాయి నన్ను పేరు పెట్టి పిలిచింది కూడా, రెండేళ్ళలో అదే మొదటిసారి. చిన్నపిల్లకు ఇచ్చినా వేసేంత దగ్గరలో ఉంది ఆమె. నేను మా నాయన వైపు చూశాను. ఆయన రెండు చేతులతో గొంగడి అంచు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఉన్నచోటునుంచే ఎగిరి బుట్టకు విసిరేశాను.

బంతి రింగు మీద ఒక చుట్టు తిరిగి బయటకు పడింది. ఈల మోగింది. ఓడిపోయాం.

టీచరమ్మ నా వైపు చూడకుండా బంతులు సంచిలో వేసుకుంటోంది. పట్నం పిల్లలు ఏడుస్తున్నారు. ఆ ఇద్దరూ బెంచీకి రెండు చివర్లలో తలవంచుకుని కూర్చున్నారు. మా నాయన ఒక్కడే నా దగ్గరకు వచ్చి, తువ్వాలతో నా ముఖం తుడిచి, "శానా బాగా ఆడినావు పాపా. ఎవరికీ ఇయ్యల్యా, అంతే చాలు" అన్నాడు. ఓడిపోయామని ఆయనకు తెలియనే తెలియదు. బయట జీపుల దగ్గర రెండు వీధుల వాళ్ళూ కూడా బీడీలు కాల్చుకుంటూ సంతోషంగానే ఉన్నారు. ఎదుటి వీధి పిల్ల వల్ల గెలిచారనే మాట రాలేదు కాబట్టి రెండు వీధుల దృష్టిలోనూ ఎవరూ ఓడిపోలేదు. ఆ వేసవిలో మా మందకు రెండు వీధుల చేలూ దొరికాయి. గొర్రెలోడి బిడ్డ న్యాయమైన మనిషి అని ఊళ్ళో నాకు పేరు కూడా వచ్చింది.

జిల్లా జట్టుకు టీచరమ్మ ఆ ఇద్దరి పేర్లూ పంపింది. నా పేరు పంపలేదు. ఆమెను తప్పుపట్టలేను, ఆమెకు కనపడింది అంతే. డ్రిల్లు టీచరు ట్రైనింగు మాట అంతటితో ముగిసింది. ఆ పిల్లలు కూడా జిల్లాకు ఎక్కువ రోజులు ఆడలేదు. మరుసటి ఏడే పైవీధి అమ్మాయి చిన్నాయనను జమ్మలమడుగు దారిలో జీపు ఆపి చంపేశారు. వారం తిరక్కుండా ఆమెను చదువు మాన్పించి పులివెందుల వైపు సంబంధం చేశారు. కిందివీధి మగవాళ్ళు ఊరు విడిచిపోయారు, ఆ అమ్మాయిని చిలమకూరులో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే అతనికి ఇచ్చారు. రెండు వీధుల చేలూ బీడుపడితే మంద నిలపడానికి చోటు లేక మా నాయన గొర్రెలను అమ్మేశాడు. అమ్మేశాక రెండేళ్ళే ఉన్నాడు. నాకు వార్డెను ఉద్యోగం వచ్చింది, పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డుపడి, తరువాత తరువాత నేనే వద్దనుకున్నాను. ఈ ఒక్క వాక్యంలోనే నా జీవితం మొత్తం పట్టేసింది చూడండి, మైదానంలో ఒక్క నిమిషానికి ఇంత కాగితం అయ్యింది.

నాలుగేళ్ళ కిందట, నా హాస్టల్లో చదువుకున్న ఒక అమ్మాయి పెళ్ళికని వేంపల్లె వెళ్ళాను. భోజనాల దగ్గర ఒక మూల కుర్చీ వెతుక్కుని కూర్చుంటే, వెనకనుంచి ఎవరో "ఏం మే, ఒంటెద్దూ" అన్నారు. ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఈ భూమి మీద ఇంకా ఉన్నారా అని తిరిగి చూస్తే, జుట్టంతా నెరిసిన పెద్దావిడ, పెళ్ళికొడుకు తరపు బంధువట. పైవీధి అమ్మాయి. నా పక్కనే కూర్చుని, ఊళ్ళో ఉన్నప్పుడు కూడా ఎప్పుడూ లేనంత చనువుగా నా విస్తరిలో తన బూరె తీసి వేసింది. మనవళ్ళ సంగతి, మోకాళ్ళ సంగతి అయ్యాక, నేను మాటవరసకు, కిందివీధి ఆమె ఎక్కడుందో ఏమో అన్నాను.

"యాడుంటాది, చిలమకూరులోనే. ప్రతి ఆదివారమూ ఫోన్లో మాట్లాడుకుంటాము గదా" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ప్రొద్దుటూరులో ఇద్దరూ పొద్దున్నే ఆరింటికి టైపు నేర్చుకోవడానికి పోయేవాళ్ళట, నేను ఒక్కదాన్నే కోర్టులో బంతి వేసుకునే అదే వేళకు. పక్కపక్క మిషన్లు. మాట్లాడుకుంటే చూసినవాళ్ళు ఇళ్ళల్లో చెబుతారని, కాగితం మీద టైపు కొట్టి ఒకరికొకరు చూపించుకునేవాళ్ళట. పాఠం కాగితం అనుకునేవాడట మాస్టారు. రెండేళ్ళు అలాగే కబుర్లు చెప్పుకున్నారు, కాగితాలు చించి ముక్కలు చేసి కాలవలో పడేసేవాళ్ళు. కోర్టులో ఎడమొహం పెడమొహం అంతా ఊరివాళ్ళ కోసం.

"పులివెందులకు పోయే ముందురోజు అనుకుంటిమి" అంది ఆమె. "బంతి మాలో ఎవరికొచ్చినా, వచ్చినోళ్ళు రెండోవాళ్ళ చేతికియ్యల్లని. మా వాళ్ళు, వాళ్ళ వాళ్ళు, అందరూ చూస్తాండంగ. ఆమె చేతి నుంచి నా చేతికి, అంతే. ఏమయితే అది అవుతాది అనుకుంటిమి. బుట్ట కింద గుంపులో ఇస్తే ఎవరికీ కనపడదు, నువ్వు ఇచ్చిన బంతయితే అందరూ చూస్తారని ఆటంతా కాసుకోనుంటిమి మే. నువ్వు ఇయ్యనే ల్యా."

అప్పుడు చెప్పాను, మంద సంగతి, కుడిచేతి సంగతి, మా నాయన బుట్ట వెనక నిలబడిన సంగతి, అన్నీ. ఆమె తింటున్న చెయ్యి ఆపి విన్నది. ఆఖరున నేను, నాకు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది కదా, టైపు కాగితం నాకు కూడా చూపించి ఉంటే నేను ఇచ్చి ఉండేదాన్ని కదా అన్నాను. ఆమె దాచకుండా చెప్పింది.

"చెప్దామనే అనుకుంటిమి. భయమేసె. మీ నాయన రెండు వీధులకూ మనిషిగదా, నువ్వు యాడ చెప్తావోనని."

నేను వాళ్ళకు ఎందుకు భయపడ్డానో వాళ్ళూ నాకు అందుకే భయపడ్డారు. ఏ వీధికీ చెందని పిల్లను ఏ వీధి పిల్లా నమ్మలేదు. ఆ బంతి చేతులు మారి ఉంటే మా ఊరి కత్తులు ఆగేవని నేను అనుకోవడం లేదు, ఆమె చిన్నాయన బతికేవాడనీ అనడం లేదు. అంత మాటనేంత పిచ్చి నాకు లేదు. కాని ఇద్దరు ఆడపిల్లలు ఎంతో ధైర్యం కూడగట్టుకుని వస్తే, ఆ ధైర్యం నా చేతుల్లో ఆగిపోయింది. ఇన్నేళ్ళూ నన్ను అన్యాయంగా తిట్టారని కుమిలిపోయాను. తిట్టినవాళ్ళకు కారణం తెలియకపోయినా, ఇవ్వలేదనే మాట మాత్రం నిజమేనని ఆ పెళ్ళి పందిట్లో తెలిసింది.

ఇప్పుడు మా ఊరు మారిపోయింది. రెండు వీధుల వాళ్ళూ రాజీ పడ్డారు, పెద్దవాళ్ళు ఒకే జీపులో తిరుగుతున్నారు, నిన్న ఆ కండువా వేసుకున్న మనిషి ఇవాళ ఈ కండువా వేసుకుంటే ఆశ్చర్యపోయేవాళ్ళు లేరు. చేలకు బస్తాల ఎరువే పోస్తున్నారు, గొర్రెల మంద నిలిపేవాళ్ళు కనపడటం లేదు. ఎవరి చెయ్యి ఎవరికి ఇస్తోందని చూసేవాళ్ళు ఆ ఊళ్ళో ఇప్పుడు ఒక్కరూ మిగల్లేదు. అదంతా పోవాలని మనమందరం కోరుకున్నదే, పోయినందుకు సంతోషమే. ఇంత సులువుగా పోయేదైతే మా చిన్నతనాలు దానికి ఎందుకు బలి అయ్యాయా అని ఒక్కోసారి కోపం వస్తుంది.

ఆ రోజు పందిట్లోనే ఆమె నా ఫోన్ తీసుకుని తన నంబరు, చిలమకూరు ఆమె నంబరు రెండూ తనే ఎక్కించి ఇచ్చింది. ఆదివారం చెయ్ మే, ముగ్గురం మాట్లాడుకుందాం అంది. నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం ఉదయం కాఫీ తాగి, కళ్ళద్దాలు పెట్టుకుని, ఫోన్ చేతిలోకి తీసుకుంటాను. మొదట పైవీధి ఆమెకు చేస్తే కిందివీధి ఆమె ఏమనుకుంటుందో, ఈమెకు చేస్తే ఆమె ఏమనుకుంటుందో అని ఇంతసేపు కూర్చుంటాను. ఇంతవరకు ఎవరికీ చెయ్యలేదు.